గేట్లు మూయని ఉదయం

మళ్ళీ ఒకటి. కిటికీ అద్దం అదిరినట్టనిపించింది, అదిరి ఉండదు, పడమటి దొడ్డి ఇక్కడికి అంత దగ్గరేం కాదు, కానీ ఈ పూట గాలి అటునుంచే వీస్తోంది, అదే తూర్పుగాలి అయితే ఏమీ వినపడేది కాదు, రొట్టెపిండి పిసుక్కుంటూ రేడియోలో ఎక్కడో కురిసిన వానల సంగతి వింటూ ఉండేదాన్ని, మా ఆయన క్లెమ్ మధ్యాహ్నానికి వచ్చి చేతులు కడుక్కుని "అయిపోయింది" అనేవాడు, నేను "కూర్చో" అనేదాన్ని, అంతటితో ఆ మాట ముగిసేది. ఇప్పుడలా కాదు, ప్రతీదీ వినపడుతోంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఏం జరుగుతోందో కూడా తెలుస్తోంది, ఒక గొర్రె దగ్గర్నుంచి ఇంకో గొర్రె దగ్గరికి నడవాలి, వంగాలి, తల నిమరాలి, నిమురుతాడు, నాకు తెలుసు, ఎవరూ చూడకపోతే క్లెమ్ నిమురుతాడు, తర్వాత నిటారుగా నిలబడాలి, తర్వాత తుపాకీ చప్పుడు. పిండి వేళ్ళకి అంటుకుంటోంది. నీళ్ళు ఎక్కువయ్యాయి. ఈ బోరు నీళ్ళతో ఏం చేసినా ఇంతే, వేడిగా, కుళ్ళిన గుడ్ల వాసనతో పైకొస్తాయి, ఇన్నేళ్ళకీ ఆ వాసన నా ముక్కుకి మాత్రం అలవాటు కాలేదు.

ఈ కరువులో ఇంకా నిలబడగలిగిన గొర్రెల్ని పోయిన వారం లారీవాడు ఎక్కించుకుపోయాడు. పడుకున్నవాటిని ఎక్కించనన్నాడు, తప్పు అతనిది కాదు, "దారిలోనే తొక్కుడు పడి చస్తాయి క్లెమ్, చచ్చినవాటిని దించడానికి అంత దూరం ఎందుకు లాక్కెళ్ళమంటావ్?" అన్నాడు, క్లెమ్ సరేనన్నాడు. అప్పట్నుంచీ ప్రతి పొద్దునా వెళ్ళి ఒక్కోదాన్నీ పొత్తికడుపు కింద చెయ్యేసి లేపి నిలబెట్టేవాడు, నాలుగడుగులు వేసి మళ్ళీ కూలబడేవి, ముల్గా అనే ఎడారి తుమ్మ కొమ్మలు నరికి మూతుల ముందు వేసేవాడు, ఆకు నములుతున్నట్టే నమిలి, మింగడం మర్చిపోయినట్టు అలాగే ఉండిపోయేవి. కాకులు కంచె గుంజల మీద కూర్చుని చూస్తూ ఉండేవి. అవి చావుకోసం ఆగవు, కళ్ళతోనే మొదలుపెడతాయి. నిన్న సాయంత్రం క్లెమ్ ఇంటికొచ్చి చొక్కాచేతి మీద రక్తం కడుక్కుంటూ, "రేపు" అన్నాడు, ఇంకేమీ అనలేదు, నేనూ ఏం రేపు అని అడగలేదు.

ఈ పొద్దున గడ్డం గీసుకున్నాడు. అదే నాకు అర్థం కాలేదు. పట్నం వెళ్ళే రోజున, పాదిరి వచ్చే రోజున, ఉన్ని కొనేవాళ్ళొచ్చే రోజున తప్ప క్లెమ్ గడ్డం గీసుకోడు, ఇవాళ దీపం దగ్గర అద్దం పెట్టుకుని నిదానంగా, పెళ్ళికొడుకులా గీసుకున్నాడు. గవదకింద కొంచెం తెగింది. నేను గుడ్లు వేయిస్తూ, "నేనూ వస్తా" అన్నాను.

"వద్దు."

"ఇద్దరముంటే తొందరగా అవుతుంది కదా."

"తొందరేం లేదు ఈనీ. నువ్వు చూడాల్సిన పని కాదిది."

"మరి నువ్వు చూడాల్సిన పనా?"

గుడ్లు మొత్తం తిన్నాడు, పళ్ళెం తనే తీసి తొట్లో పెట్టాడు, అదీ ఎప్పుడూ చెయ్యడు. వెళ్ళేటప్పుడు కుక్కని గొలుసుతో నీళ్ళ ట్యాంకు కాలికి కట్టేశాడు. టిగ్ అతని వెనక పోకుండా ఉన్న రోజు నేను చూడలేదు, ట్రక్కు దుమ్ములో కలిసిపోయేదాకా అది గొలుసు తెంచుకోబోయింది, తర్వాత పడుకుంది, ఇప్పుడు ఒక్కో చప్పుడుకీ ఒక చెవి మాత్రం లేస్తోంది. నేను దాన్ని చూడదల్చుకోలేదు. ఎందుకంటే వాలీ కూడా కుక్కని కట్టేసి వెళ్ళాడు.

వాలీ సంగతి తలుచుకోకూడదనుకుంటూనే పొద్దున్నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాను. మా ఉత్తరపు కంచెకి అవతల వాళ్ళది, వాలీ, అతని పెళ్ళాం నొరీన్‌లది, పక్కిల్లు అంటాం, చేరేసరికి ట్రక్కు రేడియేటర్‌లో నీళ్ళు మళ్ళీ పోయాలి. రెండు ఎండాకాలాల కిందట, ఇలాంటి పొద్దునే, ఇలాంటి పనికే వాలీ వెళ్ళాడు. నొరీన్ ఇంట్లో ఇస్త్రీ చేసుకుంటోంది. చప్పుళ్ళు ఆగిపోతే పని అయిపోయిందనుకుంది, కెటిల్ పొయ్యి మీద పెట్టి రెండు కప్పులు తీసింది. నీళ్ళు ఇగిరిపోయినా వాలీ రాలేదు. కంచె తీగల మధ్య నుంచి దూరుతుంటే తుపాకీ జారి పేలిందని పోలీసాయన రాశాడు, ఆ మాటే పాదిరి చెప్పాడు, ఆ మాటే మేమంతా చెప్పుకున్నాం, వాలీ అంత జాగ్రత్తమనిషి ఎలా జారవిడిచాడోనని ఒకళ్ళనొకళ్ళం అడిగి, ఆ తర్వాత వాన సంగతి మాట్లాడుకున్నాం. ఈ చుట్టుపక్కల ఉన్న ఇళ్ళన్నీ కలిపినా ఒక చిన్న వీధికి సరిపోవు, అలాంటి చోట ఒక మాట అనకూడదని అందరం అనుకుంటే ఆ మాట లేనట్టే.

మళ్ళీ ఒకటి. సరే. అది వినపడుతున్నంతసేపూ క్లెమ్ బాగానే ఉన్నట్టు. ఎంత ఘోరమైన ఆలోచన, గొర్రె చచ్చిన చప్పుడు వినపడితే నాకు ఊపిరాడుతోంది. ఆ గొర్రెల్లో సగం నా చేతిమీద పెరిగినవి, తల్లులు చచ్చిన పిల్లలకి సీసాతో పాలు పట్టింది నేనూ మా అమ్మాయి మార్నీ, ఈ వంటింట్లోనే, ఈ పొయ్యి పక్కనే అట్టపెట్టెలో పెట్టి, మార్నీ వాటికి రైల్వే స్టేషన్ల పేర్లు పెట్టేది, ఎందుకంటే దానికి రైలంటే పిచ్చి, రైలు చూసింది మాత్రం బోర్డింగ్ స్కూల్‌కి వెళ్ళిన రోజునే. ఇప్పుడది సముద్రం పక్కన ఎక్కడో లెక్కల క్లాసులో కూర్చుని ఉంటుంది. దానికి ఏమని చెప్పాలి. ఏమీ చెప్పక్కర్లేదు, గొర్రెలు పోయాయి, అంతే, ఇంకేం పోలేదు, పోదు.

నేను పుట్టింది పచ్చటి చోట, పాల ఆవులు, మోకాలెత్తు గడ్డి, ఏడాదిలో సగం రోజులు ముసురు. క్లెమ్‌ని పెళ్ళాడతానంటే మా అమ్మ, "అక్కడ నీడ కూడా ఎవరినో అడిగి తెచ్చుకోవాలిట కదే" అంది. మొదటి రాత్రి ఈ వరండాలో నిలబడి పొరుగువాళ్ళ దీపాలేవీ అని అడిగితే క్లెమ్ దూరంగా నేలకి ఆనుకుని మెరుస్తున్నదాన్ని చూపించి, "అదిగో, అది వాలీ వాళ్ళ వంటిల్లు" అన్నాడు. నెలరోజుల పాటు ప్రతి రాత్రీ దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని. నొరీన్ మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మీ దీపం మాకు కనిపిస్తుందని చెప్తే పొట్ట పట్టుకుని నవ్వి, "అది చుక్క తల్లీ! ఈ మగాళ్ళు పెళ్ళాలకి చుక్కల్ని చూపించి ఇలాగే కాపరాలు చేయిస్తారు" అంది. ఎంత నవ్వామో ఆ రోజు. క్లెమ్ అప్పట్లో బాగా మాట్లాడేవాడు. గుర్రంతో, కుక్కతో, గాలిమరతో కూడా మాట్లాడేవాడు. ఏ నెలలో మానేశాడో చెప్పలేను, వాగులో ఆఖరి మడుగు ఎండినట్టే, ఒక రోజున చూస్తే లేదు.

పిండి పొంగడానికి గిన్నెలో పెట్టాను. తడిగుడ్డ కప్పాను. చేతులు కడుక్కున్నాను, గోళ్ళ సందుల్లో పిండి తీసుకున్నాను, తుడుచుకున్నాను. అప్పుడు తెలిసింది. చాలాసేపటి నుంచి ఏమీ వినపడలేదు.

గాలి తిరిగిందేమో. వరండాలోకి వెళ్ళి చూశాను, దుమ్ము ఇంకా అటునుంచే వస్తోంది. టిగ్ లేచి నిలబడింది. అయిపోయి ఉంటుంది. అయిపోతే ట్రక్కు చప్పుడు వినపడాలి. అలిసిపోయి కూర్చుని ఉంటాడు, కూర్చోడా మనిషి, నీడలో కూర్చుని టీ తాగుతూ ఉంటాడు. టెలిఫోన్ మోగింది. ఒక పొడుగు, రెండు పొట్టి, మా గంటే. మా వైపు ఇళ్ళన్నిటికీ ఒకటే తీగ, ఎవరి గంట వాళ్ళది, గంట ఎవరిదైనా వినేది మాత్రం అందరూ.

"ఈనిడ్, నేను." నొరీన్ గొంతు. వెనకాల ఎక్కడో సన్నగా ఒక చిలక బండబూతు తిట్టింది, అంటే దాన్ని పెంచే డూలీ తాత కూడా రిసీవర్ ఎత్తాడన్నమాట, ఆ చిలక వల్లే అతను దొరికిపోతుంటాడు, ముప్పై ఏళ్ళుగా ఎవరూ అతన్ని ఏమీ అనరు.

"ఏం చేస్తున్నావ్?" అంది నొరీన్.

"రొట్టె."

"క్లెమ్ వెళ్ళాడా?"

"పొద్దున్నే."

"వినపడుతోందా?"

"వినపడింది. ఇప్పుడు లేదు. టీ తాగుతున్నాడేమో."

"ఫ్లాస్కు పట్టుకెళ్ళాడా?"

నేను బల్ల వైపు చూశాను. ఎర్ర మూత ఫ్లాస్కు అక్కడే ఉంది, నేను పోసిపెట్టింది పోసిపెట్టినట్టే. ఏం చెప్పను. చెప్పకపోయినా నొరీన్‌కి అర్థమైంది, ఇంకెవరో కూడా రిసీవర్ ఎత్తిన టక్కుమన్న చప్పుడు, ఇంకొకటి, ఈ పూట ఏ ఇంట్లోనూ ఎవరూ పని చేసుకోవడం లేదేమో. అప్పుడు పేలింది. ఒక్కటే. ఇంతసేపు ఊరుకుని ఊరుకుని, ఒక్కటి. టిగ్ మొరిగింది. ఆ పేలుడు తర్వాత రావలసినదాని కోసం చెవి రిక్కించాను, రాలేదు. నిశ్శబ్దం ఎంత పెద్దదంటే గోడగడియారం పక్కగదిలోంచి ఇక్కడికి నడిచొచ్చినట్టుంది.

"ఏమైంది? ఈనిడ్, ఏమైంది?"

"ఒకటి. ఒక్కటే, నొరీన్. మళ్ళీ లేదు."

"వెళ్ళు."

"నన్ను రావద్దన్నాడు."

"వాలీ నాకూ అదే చెప్పాడు!" నొరీన్ ఎప్పుడూ అరవదు, అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, ప్రతి మాటా విడివిడిగా, తీగ మీద ఉన్న అందరికీ వినపడాలన్నట్టు చెప్పింది. "విను. వాలీది ప్రమాదం కాదు. మీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నేను కూర్చున్నాను, ఈనిడ్. చొక్కాలన్నీ ఇస్త్రీ అయ్యేదాకా కూర్చున్నాను. నువ్వు కూర్చోకు. ఏం చూడాల్సొచ్చినా సరే, వెళ్ళు."

చిలక తిట్టడం మానేసింది. అప్పుడు డూలీ తాత, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఆ తీగ మీద నోరు విప్పాడు. గొంతు బొంగురుగా ఉంది. "అమ్మాయ్, గేట్లు మూయకు. తెరిచి తెరిచినట్టే వదిలేసి పో. పారిపోవడానికి ఏమున్నాయిప్పుడు."

రిసీవర్ కింద పడేశాను, పెట్టలేదు. టిగ్ గొలుసు విప్పితే నాకంటే ముందే ట్రక్కు ఎక్కింది, పాత ట్రక్కు, మార్నీ డ్రైవింగ్ నేర్చుకున్నది, మూడోసారికి గానీ ఇంజను అందుకోలేదు. మొదటి గేటు. ఈ దేశంలో పిల్లలకి అన్నం తినడం కంటే ముందు గేటు మూయడం నేర్పుతారు, గేటు తెరిచి వదిలినవాణ్ణి తర్వాతెవరూ ఇంటికి పిలవరు, నేను గొలుసు తీసి తోసేశాను, అది తిరిగి కంచెకి కొట్టుకుంది, అలాగే వదిలేసి ఎక్కాను. ఎర్రటి మెత్తటి దుమ్ము కిటికీల్లోంచి, ట్రక్కు అడుగు చిల్లుల్లోంచి లోపలికి పోటెత్తింది, టిగ్ తుమ్ముతోంది, ఇరువైపులా కొమ్మలన్నీ నరికేసిన ముల్గా చెట్లు, మొండి చేతులెత్తి నిలబడ్డట్టు, అవన్నీ క్లెమ్ నరికినవే, ఒక్కో చెట్టూ ఒక్కో రోజు గొర్రెలకి తిండి, ఒక్కో రోజు ఇంకో రోజు అనుకుంటూ ఎన్ని రోజులు నెట్టుకొచ్చాడో ఈ దారి పొడుగునా చెట్లే చెబుతున్నాయి.

రెండో గేటు. ఏం చూస్తాను. ముఖం చూడకూడదు, ముందు చేతులు చూడాలి. ఏం ఆలోచిస్తున్నాను నేను. దుప్పటి తేలేదు. దుప్పటి ఎందుకు, అవసరం లేదు, నీళ్ళు కావాలి, నీళ్ళూ తేలేదు. ఇక్కడే, ఈ వంపులోనే, వాన పడని ఒక రాత్రి వాగు వచ్చింది, ఎక్కడో ఉత్తరాన కురిసిన వాన పొడి ఇసుక మీద నాలుగు రోజులు నడిచి మా దాకా వచ్చింది, ముందు నురగ, ఆ వెనక ఆకులూ పురుగులూ, ఆ వెనక నీళ్ళు, తెల్లారేసరికి నడుంలోతులో క్లెమ్, రెండు చంకల్లో రెండు గొర్రెపిల్లలు, నన్ను చూసి గట్టిగా నవ్వుతూ, "ఈనీ, మనకి సముద్రం వచ్చింది!" అని అరిచాడు. ఆ నెల ఇసుకమీద పసుపూ తెలుపూ పూలు, నడవడానికి చోటు లేకుండా. ఆ మనిషి ఎక్కడికి పోతాడు. అంత నవ్వినవాడు ఎక్కడికీ పోడు. వాలీ కూడా నవ్వేవాడు. వాలీ అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

మూడో గేటు గొలుసు పట్టేసింది. రాయితో కొట్టాను. వేలు చితికింది, నొప్పి లేదు. నేను మాట్లాడించి ఉండాల్సింది, ఏం మాట్లాడాలి, రాత్రిళ్ళు పక్కమీద ఇద్దరం కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నామని ఇద్దరికీ తెలుసు, రేకుల కప్పు చల్లబడుతూ టకటకమంటుంటే ఒకసారి, "వానేమో" అన్నాను, "కాదు" అన్నాడు, పోయిన చలికాలమంతా కలిపి పక్కమీద మేం మాట్లాడుకున్నది అంతేనేమో. దేవుడా, అతను బతికి ఉంటే నేనిక ఏదీ అడగను, వాన కూడా అడగను. ఇది అబద్ధం, అడుగుతాను, అయినా సరే.

గాలిమర కనిపించింది, తిరుగుతోంది. ట్యాంకు. దొడ్డి. క్లెమ్ ట్రక్కు, తలుపు తెరిచి ఉంది. కాకులు కంచె మీద కూర్చుని ఉన్నాయి, ఎగరడం లేదు, కాకులు ఎగరకపోతే దగ్గర్లో కదిలే మనిషి లేనట్టే కదా, నేను ఇంజను ఆపడం కూడా మర్చిపోయాను. టోపీ నేలమీద పడి ఉంది. గొర్రెల నీళ్ళతొట్టి వెనకనించి రెండు బూట్లు, మడమలు నేలకి ఆనించి, చాపుకుని. టిగ్ కిటికీలోంచి దూకి పరుగెత్తింది. నేను కదల్లేదు. టిగ్ అక్కడికి చేరింది, తోక ఊపింది. ఒక బూటు కదిలింది.

దిగి నడిచాను. తొట్టికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, తుపాకీ పక్కన నేలమీద ఉంది, గీసుకున్న గడ్డం మీద దుమ్ము పట్టి ముఖం ముసలివాడి ముఖంలా ఉంది, టిగ్ మెడ మీద చెయ్యి వేశాడు, తలెత్తి నన్ను చూశాడు.

"గేట్లు మూశావా?" అన్నాడు.

"లేదు."

"ఏ గేటూ?"

"ఒక్కటి కూడా మూయలేదు క్లెమ్."

ఇరవై ఏళ్ళలో నేను గేటు తెరిచి వదల్లేదని అతనికి తెలుసు. నేనెందుకొచ్చానో, దారి పొడుగునా ఏం అనుకుంటూ వచ్చానో, అంతా ఆ ఒక్క మాటలో అతనికి చేరిపోయింది, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నేను పక్కన కూలబడ్డాను. నా భుజం అతని భుజానికి తగిలేలా కూర్చున్నాను, వెచ్చగా ఉంది, చెమట వాసన, తుపాకీ మందు వాసన, అదంతా ముక్కునిండా పీల్చుకున్నాను.

"ఇందాకటి చప్పుడు," అన్నాను చివరికి.

"తప్పింది. చెయ్యి వణికింది."

సరేనన్నాను. క్లెమ్ ఎప్పుడూ గురి తప్పడు. అయినా సరేనన్నాను.

కంచె నీడ పొడుగునా ఇంకా గొర్రెలు ఉన్నాయి. పడుకుని, మెడలు నేలకి వాల్చి, మా వైపు చూడను కూడా చూడకుండా. పని అయినవాటిని అవతలికి లాగి పక్కపక్కనే సర్దాడు, ఉన్ని కత్తిరించే రోజున కట్టలు సర్దినట్టు శ్రద్ధగా. "ఇంకా మిగిలాయి," అన్నాడు. "నావల్ల కావడం లేదు ఈనీ. వాటినలా వదలనూ లేను."

"తుపాకీ ఇటివ్వు."

"నువ్వా?"

"కోళ్ళగూట్లో పాముల్ని ఎవరు కొడుతున్నారనుకుంటున్నావ్, పాదిరా?"

"పాము వేరు."

"వేరే. ఇటివ్వు. నువ్వు తలలు పట్టుకో."

లేచాడు. ఒక్కోదాని పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం కింద ఒక చెయ్యి పెట్టి తల ఎత్తి, రెండో అరచేతితో కళ్ళు మూసి, నాకు చోటు చూపించి, తన చేతులు తీసేసి వెనక్కి జరిగేవాడు. నేను చేసేదాన్ని. ఇక్కడ అంత కంటే చెప్పడానికేమీ లేదు. మొదటిదాని తర్వాత కంచె పట్టుకుని వాంతి చేసుకున్నాను, రెండోదాని తర్వాత చేసుకోలేదు. మధ్యలో అతను మాట్లాడడం మొదలుపెట్టాడు, నాతో కాదేమో, వాటితో. "ఇది వాగొచ్చిన ఏడాది కవలల్ని ఈనింది. ఇది పెద్ద కొంటెది, ఎన్ని కంచెలు దూరిందో. ఇది మార్నీది, దీని పేరు ఏదో ఊరు, ఏ ఊరూ?" నాకు ఆ స్టేషన్ పేరు గుర్తుంది, చెప్పాను, అతను దాని చెవిలో ఆ పేరు పలికాడు. నేనప్పుడు అడిగాను, "పొద్దున గడ్డమెందుకు గీసుకున్నావు?" అతను తలెత్తకుండానే, "వీటి దగ్గరికి మాసిన ముఖంతో రాబుద్ధి కాలేదు," అన్నాడు. ఆ మాట నిజమే. ఇంకోటి కూడా నిజమై ఉండొచ్చు. రెండూ ఒకే మనిషిలో ఒకే పొద్దున ఉండొచ్చని నాకు ఇప్పుడు తెలుసు.

ఆఖరిది ఒక్కటి మిగిలిందనగా టిగ్ లేచి నిలబడింది. దారి మీద దుమ్ము, పొడుగ్గా, ఆగకుండా వస్తోంది. ఎవరొస్తున్నారో అడగలేదు ఇద్దరం. ఇక్కడికి ఇంత తొందరగా చేరాలంటే ఉత్తరపు కంచె తీగలు కోసి అడ్డంగా వచ్చి ఉండాలి. కారు నా ట్రక్కు వెనక ఆగింది. నొరీన్ దిగింది, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, నడుముకి వంటగుడ్డతో, జుట్టంతా దుమ్ముతో ఎర్రగా. ముందు నన్ను చూసింది, తర్వాత నా పక్కన నిలబడ్డవాణ్ణి చూసింది, చూస్తూ అక్కడే నిలబడిపోయింది. క్లెమ్ నేలమీంచి టోపీ తీసుకున్నాడు, పెట్టుకోలేదు, చేతిలో పట్టుకున్నాడు.

"బాగున్నావా క్లెమ్?"

"ఉన్నాను."

"తుపాకీ ఈనిడ్ చేతిలో ఎందుకుంది?"

అతను టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతూ ఉన్నాడు. నేను చెబుదామనుకున్నాను, చెయ్యి వణికింది, గురి తప్పింది అని నోటిదాకా వచ్చింది. అతనే ముందు మాట్లాడాడు, నాతో కాదు. "నొరీన్, ఇందాక పేలింది గొర్రె మీద కాదు."

గాలిమర ఒక చుట్టు తిరిగింది. నొరీన్ ముఖంలో ఏమీ మారలేదు. "మరి ఎటు పోయింది?"

"ఆకాశంలోకి. ఆఖరికి పైకి తిప్పాను."

"ఎందుకు తిప్పావు?"

"తెలీదు."

"తెలీదంటే కుదరదు," అంది నొరీన్. గొంతులో కోపం లేదు. చెయ్యి చాపి ఏదో అడుగుతున్నట్టుంది. "ఆలోచించి చెప్పు. నాకు కావాలి."

ముగ్గురం ట్యాంకు నీడలో నిలబడ్డాం. అతను ఆలోచించాడు. క్లెమ్ ఏదైనా ఆలోచిస్తే నిజంగా ఆలోచిస్తాడు, నుదురు ముడిచి, కంచె ఎక్కడ తెగిందో వెతుకుతున్నవాడిలా. నేను ఏం విందామనుకున్నానో నాకు తెలుసు. నా పేరు. లేకపోతే మార్నీ పేరు.

"ఒక గొర్రె దగ్గింది," అన్నాడు.

"గొర్రె."

"అదిగో, అదే. దగ్గింది. ఇది ఇంకా ఉందే, దీని పని మిగిలిపోయిందే అనిపించింది. చెయ్యి దానంతటదే పైకి లేచింది. అంతే, నొరీన్."

"ఈనిడ్ గుర్తొచ్చిందా?"

అతను నా వైపు చూశాడు. అబద్ధం చెప్పినా నేను తీసుకునేదాన్ని. "లేదు," అన్నాడు. "ఎవరూ గుర్తు రాలేదు. ఆ కాసేపూ ఎవరూ లేరు. పిల్ల కూడా. ఎందుకో తెలీదు, మీమీద ప్రేమ లేక కాదు, ఆ కాసేపూ అక్కడ ఎవరూ లేరు."

అది నాలో ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకోనీ అనుకున్నాను, మనిషి ఎదురుగా ఊపిరి తీస్తూ ఉన్నాడు, గుచ్చుకున్నదాన్ని తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు. నొరీన్ కిందికి చూస్తోంది. మెల్లగా ట్యాంకు పునాది రాయి మీద కూర్చుంది, ఒక చెప్పు విప్పి, అందులో చేరిన ఇసుక వంపేసింది, మళ్ళీ తొడుక్కోకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"వాలీ నన్ను తలుచుకుని ఉంటే ఆగేవాడనుకున్నాను," అంది. "ఈ రెండేళ్ళూ అదే అనుకున్నాను. ఒక్కసారైనా నేను గుర్తొచ్చి ఉంటే ఆగేవాడని. ఇన్నేళ్ళు కాపరం చేసి ఆ మాత్రం గుర్తు కూడా కాలేకపోయానని." దూరంగా పడుకున్న గొర్రెని చూసింది. "అయితే అక్కడ ఏదీ దగ్గలేదన్నమాట."

"అంతే అయ్యుంటుంది, నొరీన్," అన్నాడు క్లెమ్.

"అంతే," అంది నొరీన్. తర్వాత ఇంకోసారి, మాతో కాకుండా, "అంతే అయ్యుంటుందిలే వాలీ" అని, చెప్పు ఒళ్ళో పెట్టుకునే, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. క్లెమ్ వెళ్ళి ఆమె పక్కన రాతిమీద కూర్చున్నాడు. నేను తుపాకీ తీసుకుని ఆఖరిదాని దగ్గరికి నడిచాను.